పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కదలనివ్వొద్దు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. పోయిన నెల చేన్లో చెనక్కాయ కట్టె కుప్పలు ఎత్తుతుంటే మా మామ కుడిచేతి వేలికి చిన్న పాము కరిచింది. మా మరిది మోచేతి పైన తువ్వాలతో బిగించి కట్టి, పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయినాడు. ఆయన పసరు పోసి, రాత్రంతా నిద్రపోనీకుండా కూర్చోబెట్టినాడు. తెల్లారేసరికి చెయ్యి భుజం దాకా వాచి, చిగుళ్లలోంచి రక్తం రాబట్టింది. అప్పుడు పెద్దాసుపత్రికి పోయినాము. వాచిన వేలికి ఉంగరం బిగుసుకుపోతే కోసి తీసినారు. బతికినాడు గానీ వేలి పుండు ఇంకా మానలేదు. మంత్రం పడబట్టే తెల్లారేదాకా ఆగినాడు అంటాడు మా మరిది. ఆసుపత్రిలో ఇచ్చే సూది పడక చచ్చిపోతారని కూడా ఊళ్లో చెప్పుకుంటారు. నిజమేనా? మా ఆరేళ్ల కొడుకును ఎండాకాలంలో తేలు కుట్టింది, రాత్రంతా ఏడ్చినాడు, ఏమీ కాలేదు. మాకు ఆసుపత్రి గంట దూరం. ఇంకోసారి ఇట్లా జరిగితే ఏం చేయాలో వివరంగా చెప్పండి. పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, మీ మామగారు బతికి బయటపడ్డారు, అంతకంటే కావాల్సింది లేదు. ఇక మీ మరిది మాట తేల్చుకుందాం. ఎందుకంటే ఇంకోసారి ఏం చేయాలనేది ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

మీ మామగారిని తెల్లారేదాకా నిలబెట్టింది మంత్రం కాదు, కరిచిన పాము జాతి. మీరు రాసిన గుర్తులను బట్టి అది చిన్న పింజరి అయ్యుంటుందని నా అంచనా. మన అనంతపురం మెట్ట నేలల్లో, రాళ్ల సందుల్లో, ఎండిన కట్టె కింద ఉండే పాము. రెండడుగులు కూడా ఉండదు. ఒళ్లు చుట్టుకుని పొలుసులు ఒకదానికొకటి రాపాడించి బరబరమని చప్పుడు చేస్తుంది. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని గంటగంటకూ హరిస్తూ పోతుంది. చిగుళ్లలోంచి రక్తం రావడం అంటే ఆ పని చాలావరకు జరిగిపోయిందని. ఆ రాత్రి కరిచింది నాగుపామే అయ్యుంటే అంత గడువు ఇచ్చేది కాదు, ఊపిరి తీసే కండరాలు కొన్ని గంటల్లోనే పడిపోయేవి.

మరి మంత్రంతో బాగైనవాళ్లు ఊరికి పదిమంది ఎందుకు కనిపిస్తారు? మన దేశంలో దాదాపు 300 రకాల పాములున్నాయి, మనిషికి ప్రమాదమయ్యే విషం ఉన్నవి 60 చిల్లర. జెర్రిపోతు, నీరుకట్టె లాంటివి కరిస్తే ఏమీ చేయకపోయినా ఏమీ కాదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి కోరలు దింపి విషం వదలకుండానే పోతుంది. వీళ్లంతా మంత్రం లెక్కలో పడతారు. అది పనిచేయని మనిషి మాత్రం ఆసుపత్రి లెక్కలో పోతాడు, ఎందుకంటే అక్కడికి చివరి గంటలో తెస్తారు గనుక.

అట్లని మంత్రం వేసే ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. ఊళ్లో ఆయన మాట నలుగురూ వింటారు. ఇప్పుడే, ఏ కాటూ లేనప్పుడే, మీ మరిదితో కలిసి వెళ్లి చెప్పండి: సామీ, నువ్వు బండిలో మా పక్కన కూర్చుని మంత్రం వేసుకో, బండి మాత్రం ఆగదు. ఆయన నోటితోనే ‘ముందు ఆసుపత్రికి పోండి’ అనిపించగలిగితే, మీ ఊరికి అంతకంటే మేలు లేదు.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది అని లెక్క తేల్చింది. అంటే ఏడాదికి 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాటిలో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, అంటే మనం విత్తనం వేసి కలుపు తీసే నెలల్లోనే. పోయినవాళ్లు ఎక్కువగా పల్లెల్లో, పొలం పనుల్లో ఉండేవాళ్లు.

ఇక మీరడిగిన సంగతి. కరిచిన వెంటనే పాము నుంచి నాలుగడుగులు దూరం జరిపి మనిషిని కూర్చోబెట్టండి, లేదా పడుకోబెట్టండి. అక్కడి నుంచి అతను ఒక్క అడుగు కూడా నడవకూడదు. పరుగెత్తినా, నడిచినా, కరిచిన చెయ్యి ఆడించినా కండరాలు విషాన్ని పైకి తోస్తాయి. ఉంగరం, కడియం, గాజులు, మెట్టెలు, పట్టీలు, మొలతాడు, వాచీ, బిగుతు చొక్కా అన్నీ వెంటనే తీసేయండి. మీ మామగారి ఉంగరం కోయాల్సి రావడం చూశారు కదా, కరిచిన మొదటి నిమిషంలో అయితే అది సబ్బు నీళ్లతో జారివచ్చేది. ఆ తర్వాత కరిచిన కాలికో చేతికో, ఎముక విరిగితే ఎట్లా కడతారో అట్లా, బద్దో కర్రో పెట్టి పాత చీరగుడ్డతో వదులుగా కట్టండి. గుడ్డకూ చర్మానికీ మధ్య వేలు దూరాలి. చెయ్యి అయితే మెడకు జోలెలా వేలాడదీయండి. ఇది కదలకుండా ఉండటానికి కట్టే కట్టు, విషాన్ని ఆపే కట్టు కాదు.

విషాన్ని ఆపుదామని బిగించి కట్టే కట్టు వల్ల జరిగేది చూడండి. పింజరి జాతి విషం తగిలిన చోట కండను కుళ్లబెడుతుంది. పైన బిగిస్తే ఆ విషమంతా అక్కడే నిలబడి, రక్తం ఆడక, వేలో చెయ్యో పూర్తిగా చచ్చుబడుతుంది. ఆ కట్టును ఒక్కసారిగా విప్పితే నిలిచిన విషం ఒక్క ఊపున ఒంట్లోకి దూకుతుంది. మీరు చూడకముందే ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో విప్పకండి. ఆసుపత్రిలో మందు సిద్ధం చేసుకుని డాక్టరే విప్పుతారు. ఏ గంటకు కట్టారో మాత్రం చెప్పండి.

బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు, విషపు రాయి, కోడిపిల్లను అదమడం, సారాయి తాగించడం, ఇవన్నీ కాలహరణమే. కోత అయితే ప్రాణానికే చేటు, గడ్డకట్టని రక్తం ఆ గాయంలోంచి కారిపోతూనే ఉంటుంది. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి, దీన్ని ఎవరూ చెప్పరు. దారిలో ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఆగి కండకు సూది వేయించకండి. పింజరి కాటులో ఆ సూది గుచ్చిన చోటే రక్తం గూడుకట్టి గడ్డ అవుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి బిళ్లలు కూడా వద్దు.

నోటికి అన్నం, కాఫీ ఏమీ పెట్టకండి. వాంతి చేసుకుంటుంటే ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోబెట్టండి. కరిచిన సమయం ఒక కాగితం మీదో, అతని చేతి మీదే పెన్నుతోనో రాయండి. వాపు ఎంతవరకు వచ్చిందో అక్కడ పెన్నుతో గీత గీసి పక్కన గంట వేయండి. అరగంట తర్వాత వాపు దాటితే ఇంకో గీత. అతని ఒంటి మీద ఆ గీతలు చూస్తే డ్యూటీలో ఉన్న డాక్టరుకు సగం చరిత్ర అర్థమైపోతుంది.

పామును వెతుక్కుంటూ పోవద్దు, చంపొద్దు, సంచిలో వేసుకుని తేవద్దు. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కరుస్తుంది. దూరం నుంచి ఫోనులో ఫొటో దొరికితే మంచిదే, లేకపోయినా వైద్యం ఆగదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ కలిపి తయారైనది.

బండి కోసం 108కి ఫోను చేయండి. రావడం ఆలస్యమయ్యేలా ఉంటే కారు, ఆటో, ఏది దొరికితే దాంట్లో ఎదురు బయలుదేరి దారిలో మార్చుకోవచ్చు. ఏమీ దొరకకపోతే మోటారు సైకిలే గతి. అప్పుడు కరిచిన మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఇంకొకరు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. అతన్ని బండి నడపనివ్వొద్దు. వెనక ఒంటరిగా కూర్చోబెట్టినా సగం దారిలో కళ్లు మూతలు పడి జారిపోతాడు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముందు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. మా క్యాజువాలిటీలో నర్సమ్మ ఆ గొట్టాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, మీద ప్లాస్టరు ముక్క అంటించి టైము రాసేది. చుట్టాలు దాని వైపే చూస్తూ నిలబడేవాళ్లు. ఇరవై నిమిషాలకు గొట్టం వంచితే రక్తం గడ్డలా ఆగాలి. నీళ్లలా జారిందంటే పింజరి విషం ఒంట్లోకి ఎక్కినట్టే, అప్పుడు మందు మొదలు. గడ్డకట్టినా ఊరికే పంపేయరు, కనీసం ఒక రోజు కనిపెట్టి ఉంటారు, ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు. ‘గడ్డకట్టింది కదా, ఇంటికి పోతాం’ అని మీరు లేవొద్దు.

ఆ మందు ఎట్లా వస్తుందంటే, పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును శుద్ధి చేసి పొడిగా సీసాల్లో నింపుతారు. దానికి కావాల్సిన విషంలో చాలాభాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978 నుంచి వాళ్లు పాములు పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తున్నారు. మామూలుగా పది సీసాలతో మొదలుపెడతారు, సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. పిల్లలకైనా అంతే మోతాదు. పాము పిల్లవాడని విషం తగ్గించి వదలదు కదా. సర్కారు ఆసుపత్రిలో ఇది ఉచితం.

సూది పడదన్న మాటలో కొంత నిజముంది, అది దాచను. గుర్రపు రక్తం నుంచి వచ్చింది గనుక కొందరికి దురద, దద్దుర్లు, చలి వణుకు వస్తాయి, ఒక్కోసారి బీపీ పడిపోతుంది. అట్లా జరిగితే మందు ఆపి, తొడకు అడ్రినలిన్ సూది వేసి, కుదుటపడ్డాక మళ్లీ ఎక్కిస్తారు. అందుకే దాన్ని ఇంట్లో కాదు, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని మంచం పక్కన మనిషి నిలబడి ఇస్తారు. ఈ భయంతో వద్దనుకుంటే మిగిలేది విషమే. దానికి వేరే విరుగుడు లేదు.

ఇప్పుడు కట్లపాము సంగతి. నాకు అన్నిటికంటే భయం ఇదంటేనే. నల్లగా మెరుస్తూ సన్నని తెల్ల పట్టీలతో ఉంటుంది. రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి పంటి గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటూ లేస్తారు. గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు. మీ మామగారిని నిద్రపోనీకుండా కూర్చోబెట్టారన్నారు. నిద్రపోతే విషం ఎక్కుతుందనేది ఉత్త నమ్మకం. కానీ నిద్ర ముంచుకొస్తోందని మనం అనుకునే ఆ రెప్పలు వాలడమే నాగు, కట్లపాము విషానికి తొలి గుర్తుల్లో ఒకటి. కింద పడుకున్న మనిషి తెల్లవారి లేచి రెప్పలు ఎత్తలేకపోతే, కాటు కనిపించినా కనిపించకపోయినా బండెక్కించండి.

ఈ విషం ఎక్కిన మనిషి కదల్లేడు, కన్ను తెరవలేడు, ఊపిరి కూడా తీసుకోలేడు. చూసేవాళ్లు పోయాడనుకుని ఏడుపు అందుకుంటారు. కానీ చాలామందికి చెవులు వినపడుతూనే ఉంటాయి, తెలివి ఉంటుంది. వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఊపిరి అందిస్తే అదే మనిషి లేచి నడిచి ఇంటికి పోతాడు. మంచం పక్కన నిలబడి ధైర్యం చెప్పండి, అతని చెయ్యి పట్టుకుని పిల్లల పేర్లు చెప్పండి. దారిలో ఊపిరి మందగిస్తే నోటితో ఊపిరి ఊదుతూనే ఆసుపత్రికి చేర్చాలి. అది ఎట్లా చేయాలో మీ ఏఎన్ఎం అమ్మ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.

మీ పిల్లవాడి తేలు సంగతికి వస్తాను. రాత్రంతా నొప్పితో ఏడ్చాడంటే బాధే గానీ, అది అంత చెడ్డ గుర్తు కాదు. నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బ చూడటానికే భయం, విషం తక్కువ. మన బండల కింద, మట్టి మిద్దెల గోడల్లో ఉండే ఎర్రతేలు రెండు మూడు అంగుళాలే, పిల్లల ప్రాణం తీసేది అదే. కుట్టిన చోట నొప్పి పెద్దగా లేకుండా ఒళ్లంతా చెమటలు పట్టడం, చేతులు కాళ్లు చల్లబడటం, వాంతులు, నోట్లో చొంగ, స్థిమితం లేకపోవడం, మగపిల్లల్లో అంగం గట్టిపడటం, ఇవి కనిపిస్తే ఆగొద్దు. దగ్గు, ఆయాసం, నురగ వచ్చాయంటే గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం.

దీనికి చవకైన విరుగుడు ఉంది. మహారాష్ట్రలో కొంకణ్ ప్రాంతం మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రాజోసిన్ అనే బీపీ బిళ్ల ఎర్రతేలు విషానికి పనికొస్తుందని 1980లలో నిరూపించారు. అంతకు ముందు విషం ఎక్కిన కేసుల్లో నూటికి 25–30 మంది పోయేవాళ్లు, ఈ బిళ్లతో అది నూటికి ఒకరిద్దరికి దిగింది. ఆయన పల్లెటూరి ఆసుపత్రిలో కూర్చుని చేసిన పని ఇవాళ ప్రపంచమంతా చదువుకుంటోంది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. బిళ్ల పిల్లవాడి బరువును బట్టి ఇస్తారు, ఇచ్చాక లేచి నిలబడనివ్వకూడదు, కాబట్టి ఇంట్లో సొంతంగా వేయొద్దు. ఇంటి దగ్గర మీరు చేయాల్సింది సబ్బుతో కడగడం, చల్లని గుడ్డ అద్దడం, పారాసిటమాల్ ఇవ్వడం, ఆరేళ్ల పిల్లవాడైతే ఏ గుర్తూ లేకపోయినా ఒక రోజు డాక్టరు కళ్ల ముందు ఉంచడం.

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం కొండ మీద కొండలరాయుడికి తేళ్లు పట్టి సమర్పిస్తారు, పిల్లలు కూడా చేతుల్లో పట్టుకుంటారు. వాళ్ల భక్తిని నేను తప్పుపట్టను. కొండ దిగాక చెమటలు పట్టి చేతులు చల్లబడిన పిల్లవాడిని ప్రదక్షిణలతో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకురమ్మనే నా వేడుకోలు.

జెర్రి కుడితే నొప్పే, ప్రాణభయం లేదు. తేనెటీగ కుడితే ముల్లు గోరుతో గీరి వెంటనే తీసేయండి. ముఖం, నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఒకేసారి పదుల సంఖ్యలో కుట్టినా అదీ 108 కేసే.

మీకు ఆసుపత్రి గంట దూరం అన్నారు కాబట్టి ఒక పని ఈ వారంలోనే చేయండి. పాము మందు, ఊపిరి మిషను రాత్రిపూట కూడా ఎక్కడ ఉంటాయో మీ ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీ డాక్టరును అడగండి. కొన్నిచోట్ల మందు ఉంటుంది, రాత్రి డాక్టరు ఉండరు. దగ్గర్లో మందు మొదలుపెట్టించుకుని అక్కడి నుంచి అనంతపురం సర్వజన ఆసుపత్రికి పోవడం, నేరుగా అంత దూరం పోవడం కంటే మేలు. ఆ ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, ఊళ్లో కారున్న ఇద్దరి నంబర్లు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

కట్టె ఎత్తేటప్పుడు ముందు కొంకితోనో కర్రతోనో కదిలించి, తర్వాతే చెయ్యి పెట్టండి. మోటారు దగ్గర స్టార్టరు పెట్టె తెరిచేటప్పుడూ అంతే. రాత్రి బయటికి పోతే బ్యాటరీ లైటు, కాళ్లకు నిండు చెప్పులు ఉండాలి. మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి. కట్లపాముకు ఆ దోమతెర దాటడం కష్టం. గింజల బస్తాలు, పిడకలు, కట్టెలు పడుకునే గదిలో పెట్టొద్దు. ఎలుక ఉన్నచోటికే పాము వస్తుంది.

మీ మామగారి పుండు నెలైనా మానలేదంటే లోపల చచ్చిన కండ మిగిలి ఉండొచ్చు. విరుగుడు మందు రక్తాన్ని బాగుచేస్తుంది గానీ అప్పటికే పోయిన కండను తిరిగి తేలేదు. సర్జన్‌కు చూపించండి, ఆ కండను తీసి శుభ్రం చేస్తే మానుతుంది, చర్మం అతకాల్సి కూడా రావచ్చు. షుగరు పరీక్ష చేయించండి. టీటీ సూది వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. మూత్రం తగ్గినా, కాళ్లు ముఖం వాచినా కిడ్నీ పరీక్ష ఆలస్యం చేయొద్దు, ఆ లక్షణాలు లేకపోయినా ఒకసారి క్రియాటినిన్ చూడటం మంచిది. ఆ వేలి మీద మాత్రం మళ్లీ పసరు పోయనివ్వకండి.